రెండు కిలోలంటే ఎంత? బ్రెస్ట్ ఇంప్లాంట్ ఆపరేషన్ తర్వాత బరువులతో నా అనుభవం

డిశ్చార్జి కాగితంలో బరువుల గురించి ఉన్నది ఒకటే లైను: మొదటి 2 వారాలు రెండు కిలోలకు మించి ఎత్తకూడదు, 6 వారాల దాకా ఒళ్ళు అలిసే పని వద్దు. చదివితే ఇదేం కష్టం అనిపిస్తుంది. ఇంటికొచ్చాక చూస్తే, ఇబ్బంది పెట్టేవన్నీ త్రాసులో పెట్టి తూచలేని పనులే. మంచం మీంచి లేవడం, బరువైన తలుపు తొయ్యడం, బిగుసుకుపోయిన సీసా మూత తిప్పడం, చేతిలోంచి జారుతున్న ఫోన్‌ని చటుక్కున అందుకోబోవడం. వీటిలో ఎత్తే బరువు దాదాపు ఏమీ ఉండదు. ఛాతీ మీద పడే లాగుడు మాత్రం రెండు కిలోల సంచీ మోసినప్పటి కంటే ఎక్కువ. ఆ కాగితం చెప్పనిది ఇదే కాబట్టి, ఇక్కడ కిలోల కంటే మోచేతుల గురించే ఎక్కువ రాస్తున్నాను.

నాది డ్యుయల్ ప్లేన్ పద్ధతి. సిలికాన్ జెల్ ఇంప్లాంట్లు, పైసగం ఛాతీ కండరం కింద, కింది సగం రొమ్ము కణజాలం కింద. కోత రొమ్ము కింది మడతలో. మీది ఏ పద్ధతో ఆపరేషన్‌కి ముందే అడిగి రాసి పెట్టుకోండి, ఎందుకంటే జాగ్రత్తలు దాన్నిబట్టే మారతాయి. ఈ కండరం పేరు పెక్టోరాలిస్ మేజర్. ఒక కొస కాలర్ బోన్, రొమ్ముటెముక, పక్కటెముకల మృదులాస్థి మీద ఉంటుంది. రెండో కొస భుజం కింది ఎముకకి అతుక్కుని ఉంటుంది. చేతిని ముందుకి తొయ్యడం, ఒంటి వైపుకి లాక్కోవడం, లోపలికి తిప్పడం దీని పనులు. డ్యుయల్ ప్లేన్‌లో ఇంప్లాంటుకి చోటు ఇవ్వడానికి ఈ కండరం కింది అంచుని పక్కటెముకల నుంచి కోసి విడదీస్తారు. అంటే మీరు తలుపు నెట్టిన ప్రతిసారీ, కోసిన కండరం బిగుసుకుని కింద ఉన్న ఇంప్లాంటుని నొక్కి, పైకీ బయటి వైపుకీ తోస్తుంది. కండరం పైన ఇంప్లాంటు పెట్టించుకున్నవాళ్ళకి ఈ నొప్పి తక్కువ, చేతులు త్వరగా ఆడతాయి. రక్తం చేరడం, కుట్లు లాగడం అనే ప్రమాదాలు మాత్రం వాళ్ళకీ ఉన్నాయి. నొప్పి తక్కువ కదా అని బరువు ముందే ఎత్తే అవకాశం వాళ్ళకే ఎక్కువ.

ఆపరేషన్‌కి ముందు వారంలో చేసిన పనుల్లో అన్నిటికంటే పనికొచ్చింది, సూట్‌కేసులు తూచే చిన్న వేలాడే త్రాసుతో ఇంట్లో వస్తువులన్నీ తూచడం. మన అంచనాలు ఎంత తప్పో అప్పుడు తెలుస్తుంది. లీటరు నీళ్ళ సీసా కిలో పైమాటే. ఛార్జర్‌తో సహా ల్యాప్‌టాప్ బ్యాగు తేలిగ్గా మూడు కిలోలు దాటుతుంది. మందపాటి అడుగున్న గిన్నె ఖాళీగా ఉన్నప్పుడే కిలోన్నర ఉంటే, అందులో వండినది కలిస్తే హద్దు దాటిపోతుంది. పది లీటర్ల బకెట్ నిండితే పది కిలోలు. పావు వంతు నింపినా రెండున్నర. తడిసిన దుప్పటి సంగతి చెప్పనే అక్కర్లేదు. తూచినవాటిలో రెండు కిలోలు దాటినవాటికి ఎర్ర టేపు ముక్క అంటించాను. ఇంట్లో వాళ్ళకి కూడా అదే గుర్తు, "ఇది నువ్వు ముట్టుకోకు" అని ఒకరికొకరు చెప్పుకునే పని తప్పింది.

తర్వాతి పని సామాను సర్దడం. రోజూ వాడేవన్నీ నడుముకీ ఛాతీకీ మధ్య ఎత్తులోకి దించాలి. పై అరల్లోంచి గ్లాసు తీసుకోవడం కూడా మొదటి వారంలో అయ్యే పని కాదు. కింది అరల కోసం వంగితే ముఖంలోకీ ఛాతీలోకీ రక్తం ఎక్కి పొడుస్తున్నట్టుంటుంది. పెద్ద డబ్బాల్లో ఉన్న సరుకులు చిన్న డబ్బాల్లోకి మార్చి, మూతలు వదులుగా పెట్టుకోవాలి. సీసాలు ఒకసారి తెరిచి మళ్ళీ తేలిగ్గా మూసి ఉంచాలి. ఒక విచిత్రం: నొప్పి మాత్రలు పిల్లలు తెరవకుండా నొక్కి తిప్పే మూత ఉన్న డబ్బాలో వచ్చాయి. నొక్కడం, తిప్పడం రెండూ ఛాతీ కండరం చేసే పనులే! నొప్పి తగ్గే మందు కోసం నొప్పి పుట్టించే పని చెయ్యాలన్నమాట. ముందే ఎవరి చేతనైనా తీయించి, చిన్న గిన్నెలో ఒకరోజు మోతాదు పెట్టించుకోండి. ఇంట్లో పిల్లలుంటే అది వాళ్ళకి అందని చోట ఉండాలి.

ఖర్చుల మాట కూడా ఇక్కడే. ఆపరేషన్ ప్యాకేజీలో సాధారణంగా ఒక సపోర్ట్ బ్రా ఇస్తారు. అది రాత్రీ పగలూ వేసుకోవాలి కాబట్టి ఉతకడానికి రెండోది తప్పనిసరి. ముందు వైపు జిప్పో హుక్కులో ఉండాలి, తల మీంచి వేసుకునేది పనికిరాదు, అడుగున వైరు ఉండకూడదు. వీపుకి ఆనించుకునే ఏటవాలు దిండు, వదులైన ముందు గుండీల చొక్కాలు రెండు మూడు, ఇంటిపనికి మనిషి, జీతం లేని సెలవు. ఇవన్నీ కలిపితే చిన్న మొత్తమేమీ కాదు, ఎవరూ ముందుగా చెప్పరు కూడా.

ఆపరేషన్ గంటా రెండు గంటల్లో అయిపోతుంది, చాలామందిని ఆ రోజే ఇంటికి పంపేస్తారు. మత్తు దిగుతున్న కొద్దీ ఛాతీ మీద ఎవరో బరువు పెట్టి కూర్చున్నట్టుంటుంది. నొప్పి కంటే ఆ బిగుతే ఎక్కువ. ఊపిరి పైపైనే తీసుకోవాలనిపిస్తుంది. గంటకోసారి నాలుగైదు సార్లు నిదానంగా లోతుగా తీసుకోమన్నారు, అది నిజంగా సాయం చేస్తుంది.

మొదటి 48 గంటల్లో బరువులు వద్దనడానికి అసలు కారణం కండరం కాదు, రక్తపోటు. కోసిన చోట మూసుకున్న చిన్న రక్తనాళాలు ఇంకా కుదురుకోలేదు. ఊపిరి బిగబట్టి ముక్కితే, బరువు ఎత్తితే, ఒక్కసారిగా రక్తపోటు పెరిగి ఏదో ఒకటి మళ్ళీ తెరుచుకోవచ్చు. అప్పుడు ఇంప్లాంటు చుట్టూ రక్తం చేరుతుంది. దాన్నే హెమటోమా అంటారు. ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది. అరుదుగా రెండో వారంలోనూ, ఎక్కువ శ్రమ చేస్తే ఆ తర్వాతా రావచ్చు. ఒక వైపే ఉన్నట్టుండి ఉబ్బి, గట్టిపడి, మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతూ పోతుంటే పొద్దున్న చూద్దాంలే అనుకోకుండా వెంటనే సర్జన్‌కి ఫోన్ చెయ్యాలి. పెద్దదైతే మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళి శుభ్రం చెయ్యాల్సి వస్తుంది.

ముక్కడం అనేసరికి అందరూ జిమ్ గురించి ఆలోచిస్తారు. నిజానికి ఆ వారంలో ముక్కేది బాత్రూములో. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి. మందు మొదలైన రోజు నుంచే విరేచనం మెత్తబడే మందు అడిగి తీసుకోవాలి, మూడో రోజు దాకా ఆగితే ఆలస్యమే. దగ్గు, తుమ్ము వచ్చేటప్పుడు మెత్తటి దిండుని రెండు చేతులతో ఛాతీకి తేలిగ్గా ఆనించి పట్టుకుంటే కుదుపు తగ్గుతుంది.

ఇక మంచం మీంచి లేవడం. వీపు కింద 30 నుంచి 45 డిగ్రీల ఏటవాలులో దిండు ఉంటే సగం లేచినట్టే. మోకాళ్ళు మడిచి, పిరుదుల్ని కొంచెం కొంచెంగా మంచం అంచుకి జరుపుకోవాలి. రెండు చేతులూ పొట్ట మీద వదులుగా పెట్టుకుని, గడ్డం ఛాతీ వైపు వంచి, కాళ్ళు రెండూ కలిపి అంచు మీంచి కిందికి వదిలేస్తే ఆ కాళ్ళ బరువే పై ఒంటిని లేపుతుంది. పక్కనున్నవాళ్ళు సాయం చేసేటట్టయితే వీపు మీద, రెండు భుజపుటెముకల మధ్య అరచేయి పెట్టి తొయ్యాలి. చెయ్యి పట్టి లాగడం, చంకల కింద చేతులు వేసి ఎత్తడం వద్దని ముందే చెప్పి, ఆపరేషన్‌కి ముందు రోజే ఒకటి రెండుసార్లు చేయించి చూడండి. ప్రేమగా సాయం చేసేవాళ్ళు మొదట చేసేది చెయ్యి పట్టి లాగడమే.

కుర్చీలోంచి, కమోడ్ మీంచి లేచేటప్పుడు కూడా చేతులు ఆనించి నొక్కకూడదు. అంచుకి జరిగి, పాదాలు మోకాళ్ళ కిందికి లాక్కుని, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకి వంగి, తొడల బలంతో లేవాలి. మెత్తటి లోతు సోఫాలోంచి ఇలా లేవడం కుదరదు. ఆ వారం సోఫా మీద కూర్చోకపోవడమే మంచిది. ఆపరేషన్‌కి ముందు రెండు మూడు వారాలు కుర్చీ మీంచి చేతులు వాడకుండా లేవడం రోజూ సాధన చేస్తే తొడలకి ఆ అలవాటు వస్తుంది. నేను చేసిన వ్యాయామాల్లో ఇంత పనికొచ్చింది ఇంకోటి లేదు.

మొదటి వారమంతా నేను పాటించింది ఒకే సూత్రం: మోచేతులు పక్కటెముకల్ని వదలకూడదు. భుజం నుంచి మోచేయి దాకా చెయ్యి లేదన్నట్టే బతకాలి. మోచేయి కింది భాగంతో చేసే పనులు, అంటే తినడం, ఫోన్ పట్టుకోవడం, టైపింగ్, పళ్ళు తోముకోవడం, అన్నీ అవుతాయి. దీని వెనక లెక్క ఉంది. చెయ్యి పూర్తిగా చాపితే భుజం కీలు నుంచి అరచేతికి సుమారు 60 సెంటీమీటర్లు. కిలో బరువుని అంత దూరంలో పట్టుకుంటే భుజం దగ్గర పడే లాగుడు, అదే కిలోని 15 సెంటీమీటర్ల దూరంలో పొట్టకి ఆనించి పట్టుకున్నప్పటి కంటే నాలుగు రెట్లు. కాబట్టి "రెండు కిలోలు" అన్న హద్దు ఒంటికి ఆనించి పట్టుకున్న బరువుకే. చాపిన చేత్తో అయితే అరలీటరు సీసా కూడా ఎక్కువే. ఎత్తడం కంటే అందుకోవడమే ప్రమాదం అని తేలేది ఇక్కడే.

తలుపుల విషయం. తోసే తలుపుని అరచేత్తో కాకుండా తుంటితోనో, వెనక్కి తిరిగి వీపుతోనో తొయ్యాలి. ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం పట్టు ఉంటుంది, చేత్తో గుంజితే ఛాతీ అంతా జివ్వుమంటుంది. మోచేయి ఒంటికి ఆనించి, పిడి పట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేస్తే ఒంటి బరువుకే తెరుచుకుంటుంది. బిగుసుకున్న సొరుగులు, కిటికీలు, జిప్పులు పూర్తిగా వదిలెయ్యాలి, ఎందుకంటే గట్టిగా లాగుతున్నప్పుడు అవి ఒక్కసారిగా వదులై వచ్చే కుదుపే నిజమైన దెబ్బ. తల స్నానానికి ఇంకొకరి సాయం కావాలి. లేదా తల బాగా వంచి, మోచేతులు ముందుకే ఉంచి, వేళ్ళ దాకా తలనే తేవాలి. కారు సీటు బెల్టుని అటు పక్క చేత్తో వెనక్కి తిరిగి లాగకుండా, రెండో చేత్తో ముందు నుంచి నిదానంగా తెచ్చుకోవాలి, బెల్టుకీ ఛాతీకీ మధ్య చిన్న మెత్తటి దిండు. డిక్కీ తలుపు పైకెత్తి పట్టి కిందికి లాగడం 6 వారాల దాకా నా లెక్కలో నిషిద్ధమే.

అలాగని చేతులు కట్టేసుకుని కూర్చోకూడదు. భుజాలు బిగుసుకుపోతే అదో కొత్త సమస్య. ఆపరేషన్ రోజు సాయంత్రం నుంచే ఇంట్లో కాసేపు నడవమంటారు. కాళ్ళలో రక్తం గడ్డ కట్టకుండా ఉండటానికి అది అవసరం. భుజాలు వెనక్కి గుండ్రంగా తిప్పడం మా సర్జన్ రెండో రోజు నుంచే చెయ్యమన్నారు. గోడ మీద వేళ్ళతో పాకించుకుంటూ చేతిని పైకి తీసుకెళ్ళడం తర్వాత. ఇందులో సర్జన్‌కీ సర్జన్‌కీ తేడా ఉంటుంది: కొందరు చేతులు తల మీదికి ఎత్తడం మొదటి రోజుల్లోనే మొదలు పెట్టిస్తారు, కొందరు 2 వారాలు ఆపుతారు. చంకలో కోత పెట్టినవాళ్ళకి మరీ జాగ్రత్త, చెయ్యి ఎత్తితే ఆ కుట్టే సాగుతుంది. వాళ్ళు సంచీ పట్టీ భుజాన వేసుకున్నా అది కోత దగ్గర రాసుకుంటుంది.

పొద్దున్న లేవగానే ఉండే బిగుతు గురించి ఎవరూ చెప్పకపోతే భయం వేస్తుంది. రాత్రంతా కదలకుండా వెల్లకిలా పడుకోవడం వల్ల ఛాతీ రాయిలా అనిపిస్తుంది. కాస్త నడిచి, భుజాలు తిప్పాక అరగంటా గంటలో సడలుతుంది. ఆ గంటలో మాత్రం ఏదీ ఎత్తకూడదు. రెండో ఉచ్చు నొప్పి మాత్ర. వేసుకున్న గంటకి చేతులు తేలిగ్గా ఆడుతున్నట్టుంటాయి. ఆ తేలిక మందుది, కండరానిది కాదు. ఏ పనైనా చెయ్యొచ్చా లేదా అన్నది మాత్ర ప్రభావం పోయాక ఒంటిని అడగాలి. ఒకవేళ రెండు మూడు రకాల మాత్రలు ఇస్తే అన్నిటిలో కలిపి పారాసిటమాల్ ఎంతవుతుందో చూసుకోండి, పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు.

రెండో వారం చివరి నుంచి నాలుగో వారం దాకా నడిచే కాలం నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరం. నొప్పి బాగా తగ్గుతుంది, కమిలిన మచ్చలు పసుపు రంగుకి తిరిగి మాయమవుతాయి, మనసేమో ఇక అంతా అయిపోయిందంటుంది. మిమ్మల్ని చూసేవాళ్ళూ అదే అనుకుంటారు. లోపలి లెక్క వేరు. చర్మం గాయం 3 వారాలకి తన అసలు బలంలో మూడో వంతుకి మించి రాదు. 3 నెలలకి 80 శాతం దగ్గరికి చేరుతుంది, అంతకు మించి ఎప్పటికీ రాదు. ఇంప్లాంటు చుట్టూ ఒళ్ళు అల్లుకునే పల్చటి పొర, క్యాప్సూల్ అంటారు దాన్ని, అది కూడా అప్పుడప్పుడే కుదురుకుంటూ ఉంటుంది. ఆ పొరే ఇంప్లాంటుని ఉన్నచోట పట్టి ఉంచుతుంది. అది గట్టిపడకముందే పదేపదే తోస్తూ ఉంటే ఇంప్లాంటు బయటికో కిందికో జరిగి అక్కడే కుదురుకునే ప్రమాదం ఉంది. పైగా 300 సీసీ ఇంప్లాంటు తన మటుకు తనే దాదాపు 300 గ్రాములు. కోత కింది మడతలో ఉంటే ఆ బరువంతా కొత్త కుట్టు మీదే కూర్చుంటుంది. సపోర్ట్ బ్రా రాత్రి కూడా విప్పొద్దనేది ఇందుకే.

ఈ కాలంలో కరెంటు షాకు తగిలినట్టు క్షణంపాటు చురుక్కుమనే నొప్పులు వస్తాయి. నరాలు తిరిగి మేలుకుంటున్న గుర్తు అది, బరువు ఎత్తినందువల్ల ఏదో తెగిందని కాదు. లోపల నీళ్ళు కదిలినట్టో, గాలి బుడగ నొక్కినట్టో చప్పుడు కూడా కొన్నాళ్ళు వినిపించవచ్చు, అదీ తగ్గిపోతుంది. బరువు ఎత్తితే ఇంప్లాంటు పగులుతుందేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. సంచీ ఎత్తినంత మాత్రాన దాని పొర పగలదు. జరిగేవి మూడు: రక్తం చేరడం, కుట్టు విడిపోవడం, ఇంప్లాంటు జరగడం. భయపడాల్సింది వీటికి.

చంటిపిల్లలున్న తల్లులకి ఈ వారాలు మరీ కష్టం. ఏడాది పిల్లలు సుమారు 9, 10 కిలోలు, రెండేళ్ళవాళ్ళు 12 దాకా ఉంటారు. హద్దుకి ఐదారు రెట్లు. ఎత్తడం మానేసి, మీరు నేల మీదో తక్కువ ఎత్తు సోఫా మీదో కూర్చుని బిడ్డే ఎక్కేలా చెయ్యాలి. పక్కకి కూర్చోబెట్టుకుని మెత్తటి దిండు మధ్యలో పెడితే తన్నులు ఛాతీకి తగలవు. డైపర్ మార్చడం నడుము ఎత్తు బల్ల మీద, కానీ బల్ల మీదికి చేర్చడం ఇంకొకరి పని. చంకల కింద చేతులు వేసి, చాపిన చేతులతో పైకి లేపడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. తప్పనిసరై, దగ్గర ఎవరూ లేక ఎత్తాల్సే వస్తే, గొంతుకూర్చుని బిడ్డని పొట్టకి హత్తుకుని, రెండు ముంజేతులు పిరుదుల కింద వేసి, ఊపిరి వదులుతూ తొడలతో లేవాలి. ఇది అత్యవసరానికే. పెంపుడు కుక్క ఉంటే గొలుసు ఇంకొకరికి ఇవ్వండి. దాని బరువు కాదు, అది ఉన్నట్టుండి లాగే ఆ ఒక్క గుంజుడు చాలు.

కారు నడపడం చాలామందికి ఒకటి రెండు వారాల తర్వాత కుదురుతుంది. ట్రమడాల్ లాంటి మందులు మానేసి ఉండాలి. స్టీరింగు గబుక్కున పూర్తిగా తిప్పగలగాలి, బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చేతులు స్టీరింగుకి ఆనించి బిగుసుకోవడాన్ని ఛాతీ ఓర్చుకోవాలి. ఆగి ఉన్న కారులోనే ఇది పరీక్షించుకోవచ్చు.

నాలుగో వారం నుంచి ఆరో వారం దాకా నాకు ఐదు కిలోల హద్దు ఇచ్చారు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న: ఒక చేతికా, రెండు చేతులకీ కలిపా? నేను అడిగితే రెండు చేతులకీ కలిపి అన్నారు. ఎత్తే తీరు ఇలా: వస్తువు దగ్గరికి పూర్తిగా వెళ్ళి, దానికి ఎదురుగా నిలబడి, మోకాళ్ళు వంచి, దాన్ని ముందు ఒంటి వైపుకి జరుపుకుని పొట్టకి ఆనించుకోవాలి. ఊపిరి వదులుతూ కాళ్ళతో లేవాలి. నడుం తిప్పకుండా పాదాలతో తిరగాలి. కుదుపు ఉండకూడదు. సామాన్లు ఒక్క పెద్ద సంచీలో కాకుండా రెండు చిన్నవాటిలో రెండు చేతులకీ సమానంగా. భుజాన అడ్డంగా వేసుకునే బ్యాగు పట్టీ సరిగ్గా రొమ్ము మీంచే పోతుంది, దాని బదులు నడుముకి కట్టుకునే చిన్న సంచీ మేలు. చక్రాల సూట్‌కేసు ఎత్తక్కర్లేదు కదా అనుకోవద్దు. వెనక్కి చాపిన చేత్తో లాగితే ఛాతీ కండరం సాగుతుంది. నాలుగు చక్రాలదైతే పక్కన పెట్టుకుని, మోచేయి మడిచి, మనతోపాటు నడిపించవచ్చు. మెట్లు, లగేజీ అరలు మాత్రం వేరేవాళ్ళ పని.

ఇంటిపనుల్లో మోసం చేసేవి బరువు లేనివే. నేల తుడవడం, వాక్యూమ్ క్లీనర్ ముందుకీ వెనక్కీ నడపడం, మాడిన గిన్నె గట్టిగా తోమడం, గట్టి కూరగాయ మీద కత్తి నొక్కడం, పరుపు మూల ఎత్తి దుప్పటి దోపడం. ఒక్కొక్కటీ చిన్నదే, కానీ వందసార్లు అదే కండరాన్ని బిగిస్తాయి. దుప్పటి దోపడం నేను అన్నిటికంటే ఆఖరుకి మిగుల్చుకున్నాను. బట్టలుతికే యంత్రంలోంచి తడి బట్టలు చుట్టలా మొత్తం లాగకుండా రెండేసి తీస్తే సరి.

ఎక్కువైందో లేదో ఆ పూట తెలియదు. మర్నాడు పొద్దున్న చూడాలి. మామూలు కంటే బిగుతు ఎక్కువగా ఉన్నా, ఒక వైపు వాపు పెరిగినా, బ్రా అంచు గుర్తు లోతుగా పడినా నిన్న చేసింది ఎక్కువే. రెండు రోజులు ఒక మెట్టు కిందికి దిగాలి. మీరు ఎక్కువగా వాడే చేతి వైపు వాపు ఆలస్యంగా తగ్గడం మామూలే, నాకు కుడి వైపు అంతే. కానీ తేడా రోజురోజుకీ పెరుగుతుంటే, ఎర్రబడి వేడిగా ఉంటే, కోతలోంచి ద్రవం కారుతుంటే, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే చూపించుకోవాలి. పిక్క నొప్పి, వాపు, ఆయాసం వస్తే నేరుగా ఎమర్జెన్సీకే. కొన్ని వారాల తర్వాత రొమ్ము కిందో చంక వైపో తాడు లాంటి గీత చర్మం కింద తగిలితే అది చాలాసార్లు మోండోర్స్ అనే సిర వాపు. చెయ్యి ఎత్తితే లాగుతుంది, కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. అయినా ఒకసారి సర్జన్‌కి చూపించి నిర్ధారించుకోండి.

కూర్చుని చేసే ఉద్యోగమైతే వారం పది రోజుల్లో వెళ్ళొచ్చు. బరువులు మోసే ఉద్యోగమైతే 6 వారాల సెలవు అనుకునే దిగాలి. ఆఫీసుకిచ్చే ఉత్తరంలో ఊరికే "విశ్రాంతి అవసరం" అని రాయించుకుంటే లాభం లేదు. ఎన్ని కిలోల దాకా, భుజం ఎత్తు దాటి చేతులు లేపొచ్చా, తోయడం లాగడం ఉండొచ్చా, ఏ తారీఖు దాకా అని విడివిడిగా రాయించుకోండి. ఏ ఆపరేషనో అందులో రాయక్కర్లేదు. ఆ మాట మీరే అడగాలి, లేకపోతే రాసేస్తారు.

జిమ్‌లో కాళ్ళ వ్యాయామాలే ముందు. నడక మొదటి రోజు నుంచీ, ఆగి ఉండే సైకిల్ రెండు మూడు వారాలకి, అదీ హ్యాండిల్ గట్టిగా పట్టుకోకుండా. పరుగు 6 వారాల తర్వాత, గట్టి స్పోర్ట్స్ బ్రాతో. వీపు మీద బార్‌బెల్ పెట్టుకుని చేసే స్క్వాట్‌ని కాళ్ళ వ్యాయామం అనుకుంటాం, కానీ బార్ పట్టుకోవడానికి చేతులు వెనక్కి వెళ్ళి ఛాతీ విచ్చుకుంటుంది. లెగ్ ప్రెస్, అంటే కూర్చుని పాదాలతో బరువుని తోసే యంత్రం నయం, పక్క పిడులు పట్టి గుంజకుండా ఉంటే. 6 వారాల తర్వాత సర్జన్ చూసి సరేనన్నాక చేతులకి: మొదట మోచేతులు ఒంటికి ఆనించి కిలో రెండు కిలోల డంబెల్‌తో బైసెప్స్, తర్వాత వీపు కోసం రోయింగ్, ఆ తర్వాత భుజం ఎత్తు దాకా, చివరికి తల మీదికి. ఒక్కో మెట్టుకీ వారం. పాత బరువుల్లో సగం కంటే తక్కువతో మొదలు పెడితేనే మర్నాటి పొద్దుటి పరీక్ష నెగ్గుతుంది.

ఛాతీ వ్యాయామాలు అన్నిటికంటే ఆఖరున, 8 నుంచి 12 వారాల మధ్య. ప్లాంక్, భుజంగాసనం, అధోముఖ శ్వానాసనం కూడా ఈ జాబితాలోకే వస్తాయి. ఒంటి బరువు చేతుల మీద పడ్డాక అది యోగా అయినా ఒకటే. గోడకి చేతులు ఆనించి చేసే పుషప్‌తో మొదలు, తర్వాత బల్ల ఎత్తు, తర్వాత మోకాళ్ళ మీద, చివరికి నేల మీద. చేతులు బార్లా చాపి చేసే ఫ్లై అన్నిటి తర్వాత, తక్కువ బరువుతో, మోచేతులు ఒంటి వెనక్కి వెళ్ళకుండా.

మొదటిసారి అద్దం ముందు పుషప్ చేస్తే ఇంప్లాంట్లు పైకీ పక్కకీ కదలడం కనిపిస్తుంది. కండరం కింద పెట్టినవాళ్ళలో ఇది ఎక్కువగా కనిపించేదే; కండరం సడలగానే తిరిగి చోటుకి వస్తే కంగారు పడక్కర్లేదు. కానీ ఏళ్ళ తరబడి పెద్ద బరువులతో బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువుని ఛాతీ మీంచి పైకి తొయ్యడం) చేస్తే ఇంప్లాంటు బయటి వైపుకి జరిగే అవకాశం ఉందని, ఛాతీకి భారీ బరువులు పూర్తిగా వదిలెయ్యమని చెప్పే సర్జన్లు ఉన్నారు. బరువులెత్తడమే మీ క్రీడ అయితే ఈ మాట ఆపరేషన్‌కి ముందే, కండరం పైనా కిందా అన్నది తేల్చేటప్పుడే మాట్లాడాలి. మూడో నెల చెకప్‌లో మా సర్జన్ రెండు చేతులూ నడుము మీద పెట్టించి గట్టిగా నొక్కమని, రెండు వైపులా కదలిక సమానంగా ఉందా అని చూశారు. హద్దులన్నీ ఎత్తేశారా, ఛాతీ వ్యాయామాలకి ఏదైనా మిగిలి ఉందా అని అడిగి ఆ చెకప్‌లోనే ఫైల్లో రాయించుకోండి.